కావలివారు, చెలులు

యూదుల పవిత్రగ్రంథములలో పరమగీతమను చిన్న పుస్తకమొకటి కలదు. ఎనిమిది అధ్యాయములు మాత్రమే గల యా గీతమును యూదులు నేటికిని పస్కా పండుగ దినములలో పఠింతురు. తెలుగు బైబిలులోను అది చేరియున్నది గాని, సూర్యాపేటలోను మిర్యాలగూడలోను నా క్రైస్తవ మిత్రుల యిండ్లలో కీర్తనల పుటలు వ్రేళ్లు తగిలి తగిలి నలిగియుండగా, ఈ గీతపు పుటలు మాత్రము అచ్చయిన నాటి నునుపుతోనే యుండుట పలుమారులు చూచితిని. పెద్దలు దానిని దాటిపోవుటకు కారణము తెలియనిది కాదు. అది ప్రేమగీతము, అంతకు మించి, ప్రేమను వెదకుచు తానై బయలుదేఱిన యొక స్త్రీ గీతము.

ఆమె పేరు మనకు తెలియదు. షూలమ్మీతీ యని యొకచోట పిలువబడును గాని, అది ఊరిని బట్టి వచ్చిన పిలుపని పెక్కండ్రు తలంతురు. తండ్రి ప్రస్తావన యెక్కడను రాదు. తల్లి యిల్లు కలదు, కోపించిన తల్లి కుమారులు గలరు, వారు ఆమెను కాపుంచిన ద్రాక్షతోటలు గలవు, ఆ కాపునందు ఎండకు నల్లబడిన మేను కలదు. రాత్రివేళ శయ్యమీద ప్రియుని గానక లేచి, ఆమె ఒంటరిగ నగరవీథులలో తిరుగును. కావలి తిరుగువారు ఎదురగుదురు. మొదటి పర్యాయము ఆమెయే వారిని ప్రశ్నించి ముందునకు సాగును. రెండవ పర్యాయము వారామెను కొట్టి, గాయపరచి, పైవస్త్రము లాగికొందురు. దెబ్బలు తిన్న యా స్త్రీ మొఱపెట్టుకొనుటకు రాజునొద్దకు పోదు, ఇంటికిని మరలదు. యెరూషలేము కన్యలతో మాటాడును. తక్కినవారియందు లేని విశేషము నీవు వలచినవానియందేమున్నదని వారామెను అడుగుదురు. అప్పుడామె అతనిని తల మొదలు పాదముల వఱకు వర్ణించును. ఆ చెప్పుట ముగిసిన పిమ్మట చెలులు మరల అడుగుదురు, అతడెటు పోయెనని. ఈ రెండవ పర్యాయము నగరమంతయు గాలించియు కనుగొనలేని జాడను ఆమె తడుముకొనకుండ చెప్పును: తన తోటకు పోయినాడట.

ఈ గీతమందు నా మనస్సు ఎక్కువగ నిలుచునది ఈ వరుసయందే. ఆ పర్యాయము వీథులలో వెదకినంతసేపు దొరకనిది, చెలులడుగగా తన నోటితో చెప్పుకొన్న పిమ్మట దొరకినది. పండితులు ఈ గీతమునకు దైవపరమైన యర్థము చెప్పుదురు. యూదులు ఇశ్రాయేలునకు దేవునికిని గల ప్రేమ యనియు, క్రైస్తవులు సంఘమునకు క్రీస్తునకును గల ప్రేమ యనియు. మన గీతగోవిందమునకును అట్టి వ్యాఖ్యలే కలవు గదా! వానిని త్రోసిపుచ్చుటకు నేను పూనుకొనను. కాని ఒంటరి స్త్రీ నగరమున ప్రేమను వెదకుటయు, తన్ను తాను ఎఱుగుటయు వేర్వేఱు పనులు కావనియు, వినగోరి యడుగువారు ఒక్కరైన నున్నప్పుడే ఆ రెండును ఒక్కచోటికి వచ్చుననియు ఈ గీతము నాకు చెప్పుచున్నది. కావలివారు ప్రతి నగరమునను గలరు. చెలులు దొరకుటయే అరుదు.

యెరూషలేము మనకు దూరము. యూదు స్త్రీ బ్రతుకునకు మన కృష్ణాతీరముతో నేమి సంబంధమని తోచవచ్చును. సంబంధము కలదు, అది నీటి క్రింద నున్నది. హైదరాబాదు నడుమ పాఱు మూసీ సూర్యాపేట చెంత సోలిపేట కడ జలాశయమై నిలిచి, అటుపిమ్మట మిర్యాలగూడకు దక్షిణమున వాడపల్లి కడ కృష్ణలో గలియును. కృష్ణ అచ్చటినుండి మట్టపల్లి నరసింహస్వామి సన్నిధిని దాటి, కోదాడకు దక్షిణమున సిమెంటు కర్మాగారములు నిండిన మేళ్లచెర్వు సీమను ఒరసికొనుచు పులిచింతల ఆనకట్టకు చేరును. 2013లో ప్రారంభమైన యా యానకట్ట వెనుక నిలిచిన నీటిలో, ఈ యొడ్డున నెమలిపురి, చింత్రియాల వంటి యూళ్లు తమ నేలను గోలుపోయినవి. ఆ యొడ్డున కోళ్లూరు మునిగినది.

కోళ్లూరు పదునేడవ శతాబ్దిలో గోల్కొండ రాజ్యపు వజ్రపుగనులకు తలమానికము. కోహినూరు ఇచ్చటనే దొరకెనని పెక్కండ్రు చెప్పుదురు. ఫ్రెంచి వజ్రవర్తకుడు టావెర్నియే ఆ గనిని చూచి, అచ్చట సుమారు 60,000 మంది పనిచేయుచుండిరని వ్రాసెను. పురుషులు నేలను త్రవ్వుదురు. స్త్రీలును పిల్లలును ఆ మట్టిని మోసికొనిపోయి చుట్టును గోడ కట్టిన మడిలో పోయుదురు. నీటితో కడిగి, ఎండబెట్టి, ధాన్యమును చెఱిగినట్లు చెఱిగి, మిగిలిన గులకఱాళ్లలో వజ్రమును వెదకుదురు. మట్టి తట్టలు మోసిన యా స్త్రీలలో ఒక్కతె పేరును ఏ గ్రంథమునను చేరలేదు. ఈ మాట ఇచ్చట చెప్పకుండ ముందునకు పోవుటకు నాకు మనసొప్పలేదు.

ఆ వజ్రములకై చెన్నపట్టణము చేరినవారిలో యూదు వర్తకులు ముఖ్యులు. పోర్చుగలు, స్పెయిను దేశములలో మతవిచారణకు వెఱచి తరలిపోయి, ఆమ్‌స్టర్‌డామ్, లండను నగరములలో కుదురుకొన్న కుటుంబములవారు వీరు. మధ్యధరా సముద్రపు పగడములను, వెండిని ఇటు పంపి, వజ్రములను అటు తెప్పించుకొనుచుండిరి. 1688లో చెన్నపట్టణమునకు నగరసభ ఏర్పడినప్పుడు దానియందు యూదు వర్తకులకును స్థానము లభించెను. జాక్ ద పైవా యను వర్తకుడు తన భార్య హైరోనిమాతో గూడ ఈ తీరమునకు వచ్చినవాడు. గోల్కొండ గనులకు స్వయముగ పోయి వచ్చుచు, అట్టి ప్రయాణమొకదానిలో జబ్బుపడి, 1687లో మరణించెను. పెద్దనాయకుని పేటలోని యూదుల శ్మశానమున అతనిని పూడ్చిరి. ఆ యేటనే గోల్కొండ కోట ఔరంగజేబు వశమయ్యెను. ఆ యేటనే ఆంగ్లేయుడైన ఎలిహు యేల్ చెన్నపట్టణపు సెయింట్ జార్జి కోటకు గవర్నరయ్యెను. హైరోనిమా, తాను పుట్టని దేశమున, తన భాష యాడువారు కొలదిమందియే గల పట్టణమున, ఒంటరిగ మిగిలెను.

యేల్ భార్య కేథరిన్ 1689లో పిల్లలతో గూడ ఇంగ్లండునకు వెడలిపోయెను. అటుతరువాత హైరోనిమా గవర్నరుతో గూడ నివసించెను. వారికి చార్లెస్ అను కుమారుడు కలిగెను. కోటలోని ఆంగ్లేయ సమాజము దానిని గొప్ప అపవాదముగ చెప్పుకొనెను. పిదప ఆమె ఆఫ్రికా దక్షిణాగ్రమందలి కేప్‌నకు పోయి, తల్లియు కొడుకును అచ్చటనే కడతేరిరి. యేల్ మాత్రము ఇంగ్లండు చేరి, 1718లో అమెరికాలోని ఒక విద్యాలయమునకు కానుకలు పంపగా దానికి ఆయన పేరు పెట్టిరి. నేడు లోకమెఱిగిన యేల్ విశ్వవిద్యాలయమదియే.

హైరోనిమాను గూర్చి వ్రాసినవారు ఆమెను ఒకరి వితంతువుగనో, ఒకరి యుంపుడుగత్తెగనో, ఒకరి తల్లిగనో పేర్కొందురు. ఆమె గవర్నరు నింట చేరుటను కొందఱు మోహమందురు. భర్త వ్యాపారమును కాపాడుకొనుటకు చేసిన యుపాయమని మఱికొందఱు ఊహింపవచ్చును. ఈ రెండు మాటలును నాకు కావలివారి మాటలవలెనే వినబడును. సముద్రతీరపు కోటలో, పగడపు రాసులు, లెక్కల పుస్తకములు, భర్త సమాధి, పరజాతివారి గుసగుసలు చుట్టును ఉండగా, ఆమె ఒకనిని ప్రేమించియుండవచ్చును. ఆశ్రయము మాత్రమే కోరియుండవచ్చును. మొదట నొకటియు తరువాత నొకటియు నైయుండవచ్చును. దీనిని చెప్పదగినది ఆమె యొక్కతెయే. ఆమెను కూర్చుండబెట్టి అడిగిన చెలి యుండియున్నచో, ఆ మాటలు ఒక ఉత్తరముగనైన మిగిలియుండెడివేమో!

అట్లు మిగిలినవి ఆమెకు నూఱేండ్ల తరువాత బెర్లినులో కనబడును. రాహెల్ లెవిన్ 1771లో ఒక యూదు రత్నవర్తకుని కుమార్తెగ పుట్టెను. గొప్ప చదువు లేదు, గొప్ప రూపము లేదని తానే చెప్పుకొనెడిది. అయినను ఆమె యింటి మేడగదిలో రాజకుమారులు, కవులు, నటీమణులు, రాయబారులు కులగోత్రముల తారతమ్యము మఱచి కూర్చుండిరి. ఆ గదిలోనికి రాకపోకలు సాగించిన కౌంటు ఫింకెన్‌స్టైన్‌తో ఆమె వివాహము నిశ్చయమై, కొన్నియేండ్లు నాని, అతని కుటుంబపు మౌనము ముందు విఱిగిపోయెను. తరువాత స్పెయిను రాయబారి కార్యాలయమున నున్న యొకనిని గాఢముగ ప్రేమించెను, అదియు నిలువలేదు. నలుబది మూడవ యేట, 1814లో, తనకంటె పదునాలుగేండ్లు చిన్నవాడైన వర్న్‌హాగెన్‌ను పెండ్లాడెను. దానికై బాప్తిస్మము పొంది పేరును మార్చుకొనెను. ఈ చరిత్ర యింతవఱకే యైనచో అదియు హైరోనిమా కథవలె పురుషుల పేర్ల వరుసగనే ముగిసియుండును. కాని రాహెల్ ఉత్తరములు వ్రాసెను, జీవితమంతయు, వేలకొలది. పౌలీన్ వీజెల్ అను చెలికి ఆమె దాపరికము లేక వ్రాసెను. అడుగువారుండిరి, ఆమె చెప్పెను, చెప్పుచు చెప్పుచు తానెవరో తెలిసికొనెను. యూదు స్త్రీగ పుట్టుటను యౌవనమంతయు తన నుదుటి దోషముగ భావించి తప్పించుకొనజూచిన యామె, 1833లో మరణశయ్యమీద, దానిని ఇప్పుడు దేనికొఱకును వదలుకొననని చెప్పినట్లు ఆమె భర్త వ్రాసియుంచెను. నూఱేండ్లకు హన్నా అరెంట్, తానును బెర్లినులో నివసించిన యూదు యువతి, ఆ యుత్తరములను చదివి రాహెల్ చరిత్రను వ్రాసెను. హిట్లరు పాలన వచ్చుటతో పరదేశము పట్టిపోవలసివచ్చినను ఆ పనిని విడువలేదు.

మన తరిగొండ వెంగమాంబయు బాల్యముననే భర్తను గోలుపోయి, వితంతువునకు లోకము విధించిన వేషమును అంగీకరింపక, వేంకటేశ్వరుని తన ప్రియునిగ వరించి తిరుమల చేరినది. ఆమెను మనమెఱుగుటకు ఆమెను కావలి కాచినవారు కారణము కారు, ఆమె వ్రాసిన కావ్యములు కారణము.

ఇక మిర్యాలగూడ. నాగార్జునసాగరు ఎడమకాలువ నీటితో పండిన వడ్లు బియ్యమై దేశమంతటికిని పోవు ఆ పట్టణమున, ధాన్యపు లారీలు బారులు తీరిన వీథులలో, ఒకే బడిలో చదువుకొన్న యిద్దఱు పిల్లలు ప్రేమించుకొనిరి. అమ్మాయి వైశ్యకుటుంబమున పుట్టినది. అబ్బాయి దళిత క్రైస్తవుడు. 2018 ఆరంభమున వారు హైదరాబాదులో ఆర్యసమాజమున వివాహము చేసికొనిరి. నగరము వారిని ఏమియు అడుగలేదు. ఆ యేడు సెప్టెంబరు 14వ తేదీన, గర్భవతియైన భార్యను ఆసుపత్రిలో చూపించి తిరిగి వచ్చుచున్న యా యువకుని, ఆమె కన్నుల యెదుటనే వెనుకనుండి నఱికి చంపిరి. కూలి కుదుర్చుకొని చంపించినాడని పోలీసులు నేరము మోపిన యామె తండ్రి 2020 మార్చిలో ఆత్మహత్య చేసికొనెను. 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానము ఒకనికి మరణదండనయు ఆర్గురకు యావజ్జీవ కారాగారమును విధించెను.

పరమగీతపు కావలివారు వీథిలోని అన్యులు. ఇచ్చట కావలి యింటిలోనే యుండెను. అదియు ప్రేమ యనియే తన్ను తాను పిలుచుకొనెను. నాకు ఈ సంగతి తలపునకు వచ్చినప్పుడెల్ల మనస్సు వికలమగును. ఆ దారుణము తరువాత ఆ యువతిని గూర్చి ప్రతి టీకొట్టు కడను ఎవరికి తోచిన తీర్పు వారు చెప్పిరి: అట్లు చేయవలసినది కాదని, ఇట్లు బ్రతుకవలసినదని, తండ్రి మరణమునకు ఏడ్వవలసినదని, ఏడ్వరాదని. ఆమెను ప్రశ్నించినవారు వేలు. వినగోరి అడిగినవారెందఱో నేనూహింపజాలను.

యూదు ధర్మమును అనుసరించు తెలుగువారును మనలో గలరని చాలమంది యెఱుగరు. గుంటూరు జిల్లా చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున కొన్ని పదుల కుటుంబములు బెనె ఎఫ్రాయిము అను పేర జీవించుచున్నవి. మాదిగ కులమున పుట్టి, క్రైస్తవులుగ బ్రతికి, గత శతాబ్దపు చివరి దశాబ్దములలో తాము ఇశ్రాయేలు గోత్రములలో ఎఫ్రాయిము గోత్రమువారమని ప్రకటించుకొని, షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి యను సోదరుల నాయకత్వమున ప్రార్థనామందిరము కట్టుకొని, శనివారమును విశ్రాంతిదినముగ పాటించుచున్నారు. వీరిపై యూలియా ఎగోరొవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు 2013లో ఒక గ్రంథము ప్రకటించిరి. అట్టి కుటుంబమున పుట్టిన యువతి చదువునకో ఉద్యోగమునకో హైదరాబాదు చేరినచో, ఆమె యెన్ని ప్రశ్నలకు సమాధానము చెప్పవలసియుండును! కులమడుగువారికొకటి, మతమడుగువారికొకటి, నిజముగ యూదువేనా యని సందేహించు పరదేశపు యూదునికొకటి, శుక్రవారము సంధ్యవేళ దీపము వెలిగించునప్పుడు గదిలోని తోడివారికి మఱొకటి. ఆమె ప్రేమించదలచినచో, తానెవరో తనకు తెలియకమునుపే పదిమందికి రుజువు చేయవలసియుండును. ఈ నాలుగు ప్రశ్నలలో చివరిదానియందే నాకు ఆశ కలదు. తోడివారు దీపమును చూచి యడుగుదురు. పత్రము చూపుమని యడుగరు.

సూర్యాపేట బస్టాండులో సోమవారము తెల్లవాఱుజామున నిలుచున్నచో, ఈ తరపు ఆడపిల్లలు నగరమునకు పోవుట కనులార చూడవచ్చును. భుజమున సంచి, చేత పచ్చడి డబ్బా, చెవులలో పాట. పక్కసీటు పెద్దమ్మ "ఏ ఊరు బిడ్డా? ఎవరి పిల్లవు?" అని అడుగును. ఆ ప్రశ్నయందు వాత్సల్యమున్నది, కొలతయు నున్నది. ఎల్.బి.నగరులో దిగిన తరువాత ఆ ప్రశ్న యడుగువారుండరు. మొదటి నెలలలో అది స్వర్గమువలె తోచును. పిదప ఒక సాయంకాలము, జ్వరము వచ్చినప్పుడో, ఇష్టపడినవాడు ఫోను ఎత్తనప్పుడో, ఎవరి పిల్లవని అడుగువారు లేకపోవుటయు ఒక బరువేయని తెలియును. ఊరు విడిచినందున స్వేచ్ఛ రావచ్చును గాని ఎఱుక రాదు. పెండ్లిసంబంధముల వెబ్‌సైటులో తన్ను గూర్చి నాలుగు వాక్యములు వ్రాయబూనిన యువతి, ఎత్తు, జీతము, నక్షత్రము వ్రాసి, తరువాతి గడి యెదుట ఆగిపోవుట నేనెఱుగుదును.

ఎఱుగుదుననుటకు కారణము నా మేనకోడలు. కోదాడలో పుట్టి, దిల్‌సుఖ్‌నగరు హాస్టలులో నుండి ఉద్యోగము చేసికొనుచున్నది. ఆ గదిని నేను చూచితిని: నాలుగు ఇనుపమంచములు, వానికి నడుమ మనిషి పక్కకు తిరిగి నడువవలసినంత చోటు, ఒకే ప్లగ్గునకు వంతులవారిగ పెట్టుకొను ఛార్జర్లు, కిటికీ ఊచలకు ఆరవేసిన తువ్వాళ్లు, అలమారు పైన నలుగురి యిండ్లనుండి వచ్చిన నాలుగు ఊరగాయ జాడీలు. ఆమెకు హైరోనిమా కథ చెప్పితిని. అంతయు విని, "మామయ్యా, ఆమెను ఎవరన్న కూసోబెట్టి అడిగిండ్రా?" అన్నది. ఈ వ్యాసము ఆ మాటనుండియే పుట్టినది.

ఆమెకు ఒక యువకునితో పరిచయము కలదు. మా అక్కకు ఆ సంగతి తెలిసినప్పుడు అడిగినవి మూడు: ఏ కులము, ఏ ఊరు, ఎన్ని ఎకరములు. నేను అడిగినది ఏమి ఉద్యోగమని. నా ప్రశ్న అక్క ప్రశ్నలకంటె పెద్ద మేలైనదేమియు కాదు. గదిలోని ముగ్గురును అడిగినది వేఱు. "మంచోడా అని అడగలే మామయ్యా. వాడి పక్కనున్నప్పుడు నువ్వెట్లుంటవని అడిగిండ్రు" అని చెప్పినది. దానికి ఆమె వెంటనే బదులు చెప్పలేకపోయెనట. అటుపిమ్మట తన్ను తానే గమనించుకొనగా ఒక సంగతి బయటపడెను: అతని యెదుట ఆమె తన కోదాడ మాటను నోట రానీయకుండ, టీవీలో చదువువారి తెలుగు మాటాడుచున్నదట, నవ్వునప్పుడును అరచేయి అడ్డము పెట్టుకొనుచున్నదట. ఈ సంగతిని మొదట చెలులకు చెప్పి, తరువాత అతనికే చెప్పెను. అతడు ఆలోచించి, తానును తన వరంగల్లు మాటను దాచుకొనుచున్నానని ఒప్పుకొనెనట. ఇది పెండ్లి వఱకు పోవునో లేదో ఆమెకు తెలియదు, నాకు తెలియదు. కాని అప్పటినుండి ఆమె ఫోనులో మాటాడు తీరు మాఱినది. వాక్యముల చివర "కదా, కదా" యని యొప్పుదల కోరుట తగ్గినది.

ఈ సంగతి నేను అక్కతో చెప్పితిని. ఆమె చాలసేపు ఊరకుండి, ఆ పిల్లలు ఇంకేమేమి అడిగిరని నన్ను అడిగినది. నాకు తెలియదని చెప్పగా, తానే పోయి తెలిసికొందునన్నది. వచ్చు శనివారము కోదాడలో ఉదయపు బస్సెక్కుచున్నది. ఆ రాత్రి గదిలో ఉండుటకు హాస్టలు యజమానురాలిని మేనకోడలు ముందే ఒప్పించినది. నాలుగు మంచముల నడుమ చాప పఱచుటకు చోటు చాలదు గనుక, కూతురి మంచము మీదనే ఇద్దఱును సర్దుకొనవలసియుండును.